రోడ్డు మీద దొరికిన బూడిదరంగు కార్న్ స్నేక్: ఫోటో చూసి జీన్ పేరు చెప్పేయొచ్చా?

టార్‌హీల్_తెలుగు:
అమెరికాలో నార్త్ కరోలినాలోని సాండ్‌హిల్స్ అనే ఇసుక నేలల్లో, రాత్రిపూట రోడ్డు దాటుతుంటే ఈ కార్న్ స్నేక్ దొరికింది. విషం లేని పామే, మామూలుగా ఎరుపు, నారింజ రంగుల్లో ఉంటుంది. రెండున్నర అడుగులుంటుంది. ఎరుపు, నారింజ ఉండాల్సిన చోటంతా బూడిదరంగే. మచ్చల చుట్టూ నల్ల అంచు మాత్రం మామూలుగానే ఉంది, కళ్లూ నలుపే. పెంపుడు పాముల గ్రూపులో ఫోటో పెడితే సగం మంది యానరీ అన్నారు, సగం మంది చార్కోల్ అన్నారు (రెండూ ఎరుపు లేని రంగురకాల పేర్లే). ఒకాయనైతే "కొత్త జీన్, మంచి రేటు పలుకుతుంది" అని మావాడికి ఆశ పెట్టేశాడు. వెట్ చూసి ఆడది అన్నారు. ఇంట్లో యానరీ మగపాము ఉంది. ఫోటోతో తేలుతుందా, జత కట్టించి చూడాలా? పర్మిట్ గొడవ లేదు, రక్షిత జాబితాలో లేని స్థానిక జాతులు ఐదు కంటే తక్కువుంటే ఇక్కడ అక్కర్లేదు.

జెర్రిపోతు:
ముందు అది కార్న్ స్నేకేనా అని చూడండి. మీ వైపు నల్ల ర్యాట్ స్నేక్ పిల్లలు పుట్టడమే బూడిద ఒంటి మీద ముదురు మచ్చలతో పుడతాయి, పెద్దయ్యాకే నల్లబడతాయి. ప్రతి వేసవిలో వాటిని పట్టుకొచ్చి "యానరీ దొరికింది" అనేవాళ్లు బోలెడుమంది. కంటి వెనక గీత నోటి చివర ఆగిపోతే అది ర్యాట్ స్నేక్. దవడ దాటి మెడ మీదికి సాగితే కార్న్.

టార్‌హీల్_తెలుగు:
మెడ మీదికే సాగింది. మెడ గీతలు రెండూ నెత్తి మీదికొచ్చి కళ్ల మధ్య బల్లెం మొనలా కలిశాయి. పొట్ట అంతా నలుపు తెలుపు గళ్లు, తోక అడుగున రెండు చారలు.

జెర్రిపోతు:
సరే, కార్నే.

టాంపా_అక్క:
అయితే యానరీనే తమ్ముడూ. మా ఫ్లోరిడాలో ఫోర్ట్ మైయర్స్ చుట్టుపక్కల అడవిలోనే కనిపిస్తాయి, అందులో వింతేం లేదు. గొంతు కింద చూడు. యానరీకి వయసొచ్చేకొద్దీ గొంతు మీద, మెడ పక్కన పసుపు దిగుతుంది. చార్కోల్‌కి సాధారణంగా రాదు. పసుపుంటే యానరీ, కథ అయిపోయింది.

టార్‌హీల్_తెలుగు:
లేత పసుపు ఉంది అక్కా. గట్టిగా వెలుతురు పెడితేనే తెలుస్తోంది.

జన్యుపిచ్చి:
కథ అయిపోలేదండీ. ఆ పసుపు గుర్తు పెంపకంలో తరతరాలుగా చూసిన పాములకు పనికొస్తుంది. ఎందుకంటే వాటి అమ్మానాన్నలెవరో మనకు ముందే తెలుసు. అడవి పాముకు ఆ చిట్టా లేదు. పాము చర్మంలో నలుపుకు, పసుపుకు, ఎరుపుకు వేరువేరు కణాలుంటాయి. ఎరుపు రాకపోవడానికి దారి ఒక్కటే కాదు. యానరీ, చార్కోల్ రెండూ ఎరుపు లేని బూడిద పాములే, రెండూ రిసెసివ్ జీన్లే, అంటే అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తేనే రంగు బయటపడుతుంది. కానీ ఆ రెంటినీ జత కట్టిస్తే పిల్లలన్నీ మామూలు ఎర్రరంగుతో పుడతాయి, ఎందుకంటే అవి రెండు వేరే జీన్లు. ఇక సిండర్ అనే ఇంకో రంగురకం పిల్లలు చిన్నప్పుడు యానరీ పిల్లల్లాగే ఉంటాయి. అందుకని ప్రస్తుతానికి "యానరీ లాంటిది" అని రాసుకోండి. అంతకు మించి చెప్పేవాళ్లు ఊహిస్తున్నట్టే.

మీ రాష్ట్రంలోనే 1953లో నలుపు లేని కార్న్ స్నేక్ ఒకటి దొరికింది. ఇవాళ అంగట్లో అమ్మే ఎర్రకళ్ల కార్న్‌ల కథ దానితోనే మొదలైంది. బెక్టెల్ అనే చర్మవైద్యుడు జతలు కట్టించి, 1961లో పిల్లలు వచ్చి, అది రిసెసివ్ అని 1962లో ప్రచురించారు. చూడగానే ఆల్బినో అని తెలిసిపోయే పాముకే ఇంత ఓపిక పట్టారు.

మీకు జత కట్టించడమే దారి. మీ యానరీ మగదానితో కలిపితే పిల్లలన్నీ బూడిదరంగువైతే రెండిటిదీ ఒకే జీన్. అన్నీ మామూలు రంగైతే ఈ పాముది వేరే జీన్, లేదా వంశంలో దిగని రంగు. ఆ పిల్లల్ని పెద్దవి చేసి మళ్లీ వాటిలో వాటికి కలపాలి. వేరే జీన్ అయితే 16లో 7 బూడిదవి రావాలి. వంశంలో దిగనిదైతే మీ మగదాని యానరీ మాత్రమే బయటపడుతుంది, అంటే 16లో 4.

జెర్రిపోతు:
కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. ఒక కాన్పుకు 15 గుడ్లు అనుకోండి. అందులో ఆరో ఏడో వస్తే ఒక జవాబు, నాలుగు వస్తే ఇంకో జవాబు. మరి ఐదొస్తే ఏమంటారు? పైగా అది అడవిలో తిరిగిన ఆడపాము. ఆడపాములు వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలవు. ఏ అడవి మగదానితోనో ఎప్పుడో కలిసి ఉంటే, మీరు జత కట్టించాక పెట్టిన గుడ్లు మీ మగదానివేనని ఎవరు చెప్పాలి? అన్నీ మామూలు పిల్లలు వస్తే "కొత్త జీన్" అని పండగ చేసుకుంటారు, అసలు తండ్రి సాండ్‌హిల్స్‌లో తిరుగుతుంటాడు.

ఇంకోటి. ఎదగడానికే రెండు మూడేళ్లు పడుతుంది. ఆ మనవల దాకా వెళ్లేసరికి ఇంటినిండా డబ్బాలు. ఎవరికిస్తారు అవన్నీ?

జన్యుపిచ్చి:
వీర్యం మాట నిజమే, దానికి అడ్డు చెప్పను. కానీ ఈ ఏడాది గుడ్లు పెడితే వాటిని పక్కనపెట్టి, వచ్చే ఏడు నుంచి లెక్కపెట్టినా నష్టం లేదు. ఐదొస్తే ఇంకో కాన్పు చూడాలి, అంతే.

కుబుసం77:
గుడ్లదాకా ఎందుకు? పొర విడిచినప్పుడు కుబుసం దాచి, తడి లేకుండా ఆరబెట్టి డీఎన్ఏ ల్యాబుకు పంపండి. తెలిసిన మార్పు ఉంటే చెప్పేస్తారు. అయితే "లేదు" అని వస్తే మాత్రం జాగ్రత్త, ల్యాబు వెతికేది తనకు తెలిసిన మార్పునే. ఉదాహరణకు నలుపు లేని కార్న్‌లలో ఓసీఏ2 అనే జీన్ మధ్యలో ఒక డీఎన్ఏ ముక్క వచ్చి దూరిందని జెనీవా పరిశోధకులు 2015లో చూపించారు. రేపు అడవిలో అదే జీన్ ఇంకోచోట చెడిన పాము దొరికితే, ఆ ముక్క కోసం చేసే పరీక్ష దాన్ని పట్టుకోలేదు. బాల్ పైథాన్లలో (పెంపుడు కొండచిలువల్లో ఒక రకం) 2022లో పెంపకందారులు పంపిన కుబుసాలతో చేసిన పనిలో ఒకే "ఆల్బినో" పేరు కింద ఒకటికి మించిన మార్పులు బయటపడ్డాయి.

గోదారిగట్టు:
కాకినాడ నుంచి. పక్కన కూర్చుని అడుగుతున్నా, ఇక్కడ రోడ్డు మీద దొరికినదాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చా? తెల్లపాము కనిపిస్తే మావాళ్లు శ్వేతనాగు అని పాలు పోస్తారు.

టాంపా_అక్క:
అస్సలు వద్దు బాబూ, అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. పాలు కూడా పోయొద్దు. కళ్లు ఎర్రగా ఉంటే ఆల్బినో, నల్లగానో నీలంగానో ఉంటే ల్యూసిస్టిక్ (ఒళ్లు తెల్లగా ఉన్నా కళ్లలో రంగు ఉండేది) అయ్యుండొచ్చు. దూరం నుంచి ఫోటో తీసి, ఫారెస్టు వాళ్లకు ఫోన్ చెయ్యి.

టార్‌హీల్_తెలుగు:
పొర విడిచాక కుబుసం పంపుతాను. జత సంగతి వచ్చే ఏడు చూస్తా. ఈలోపు మా మగదాని పక్క డబ్బాలో పెట్టొచ్చా?

జెర్రిపోతు:
వేరే గదిలో పెట్టండి, పట్టకర్ర, నీళ్లగిన్నె కూడా వేరే. మూడు నెలలు అలాగే ఉంచి, పేడ పరీక్షలో క్రిప్టో అనే కడుపులో చేరే పరాన్నజీవి ఉందేమో చూపించండి. అది మీ మగదానికి అంటుకుంటే నయం చేయడం కష్టం. ఒక్కటి మాత్రం ఇప్పుడే తేల్చుకోండి. మీవాడికి పెంచే ఓపిక లేకపోతే ఈ వారమే దొరికిన చోటుకే తీసుకెళ్లి వదిలేయండి. ఇంట్లో పాములతో కలిపాక వదిలితే మన జబ్బులు అడవి పాములకు అంటుతాయి. అప్పుడు ఆ పని అసలే చేయకూడదు.