ఇంటి కుక్క గ్యాస్ బండ తెచ్చిన కుర్రాణ్ణి కరిచింది: గేటుకు బోర్డుంటే ఓనరు బయటపడినట్టేనా?

సప్తగిరి సర్కిల్ (అనంతపురం): కడపలో జరిగిన సంగతి. బండ దించడానికి గేటు తీసుకుని పోయిన కుర్రాడి పిక్క పట్టేసింది ఇంటి కుక్క. పట్టపగలు, గొలుసు లేదు. గేటుకు 'కుక్క ఉంది జాగ్రత్త' బోర్డు ఉంది. ఇంటాయన 2,000 చేతిలో పెట్టి, 'ఇకమీద నాతో ఏ లావాదేవీ లేదు' అని తెల్లకాగితం మీద సంతకం అడుగుతున్నాడు. పెట్టొచ్చా?

బురుజుపక్క (కర్నూలు): బోర్డు ఉంది, గేటు మూసి ఉంది. పిలవకుండా తీసింది ఎవరు? పెద్దాసుపత్రిలో సూదులు ఊరికే వేస్తారు. అయినా 2,000 ఇచ్చినాడంటే మంచోడే. ఇంకేం కావాల?

పెన్నగాలి: డబ్బు తర్వాత, పుండు సంగతి చెప్పండి. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగినారా? పసుపు, కారం, సున్నం లాంటివేమైనా పూసుంటే అవీ కడిగేయాల. తోలు తెగి రక్తం వచ్చిందంటే కుక్కకాట్లలో మూడో కేటగిరీ, అంటే అన్నిటికన్నా తీవ్రమైంది, టీకా ఒక్కటే చాలదు. ఇమ్యునోగ్లోబులిన్ సూది (రేబీస్‌ను వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీలు) పుండు లోపల, చుట్టూ వేయాల. మొదటి రోజు కుదరకపోతే మొదటి టీకా నుంచి 7 రోజుల లోపల. కుట్లు వెంటనే వేయకూడదు. చర్మంలో వేసే టీకా అయితే 0, 3, 7, 28 రోజులు (0 అంటే మొదటి సూది పడిన రోజు). కుక్కను 10 రోజులు కట్టేసి చూడాల, యాడనో వదిలిపెట్టి రాకూడదు.

ఏడురోడ్లు (కడప): సంతకం పెట్టొద్దు. పెన్నగాలి చెప్పిన లెక్కే చూడండి: నాలుగు సార్లు ఆసుపత్రికి పోవాల, క్యూలో పూట గడిచిపోతుంది. టీకా ఊరికే వస్తుంది, ఆ నాలుగు రోజుల కూలి ఊరికే రాదు. 28వ రోజు సూది పడకముందే లెక్క ముగించే కాగితం ఎందుకు?

ఇక బోర్డు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఏమంటుందంటే, తన దగ్గరున్న జంతువు వల్ల ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు ఉండొచ్చని తెలిసీ, లేదా నిర్లక్ష్యంగా, తగిన జాగ్రత్త తీసుకోకపోతే నేరం. 6 నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 289లో జరిమానా 1,000 మాత్రమే. బోర్డు పెట్టినాడంటే కుక్క కరుస్తుందని ఇంటాయనకు ముందే తెలుసన్నమాట. తెలిసీ పగలు వదిలినాడు. ఆ బోర్డు ఆయనకు కవచం కాదు, ఆయన మీద సాక్ష్యం.

బురుజుపక్క: మీరే రాసినారు కదా, 'తీవ్ర గాయం' అని. పిక్క మీద రెండు గాట్లు తీవ్ర గాయమా? పిలవకుండా గేటు తీయడం తప్పా, కాదా? ఔనో కాదో చెప్పండి.

తుంగభద్ర నీళ్ళు: పంటి గాటుకు 10,000 ఇవ్వాలని హైకోర్టు చెప్పింది కదా?

ఏడురోడ్లు: అది పంజాబ్, హర్యానా హైకోర్టు, 2023. వీధుల్లో తిరిగే జంతువుల విషయంలో ప్రభుత్వం కట్టాల్సిన పరిహారం. పెంపుడు కుక్క ఓనరు మీద, అదీ మన ఆంధ్రలో, ఆ రేటు చెప్పి అడిగితే వకీలే నవ్వుతాడు.

బురుజుపక్కకు: సెక్షన్ చూసేది జరిగిన గాయాన్ని కాదు, ఉండిన ముప్పును. ఇక గాయం లెక్కకొస్తే, 15 రోజులు మామూలు పని చేసుకోలేకపోతే అది తీవ్ర గాయమే. పాత చట్టంలో 20 రోజులుండేది. పిక్క చీలినోడు బండ భుజాన వేసుకుని మేడమెట్లు ఎన్నాళ్ళకు ఎక్కుతాడో డాక్టరు రాయాల. అందుకే క్యాజువాలిటీలో 'ఫలానా ఇంటి కుక్క' అని చెప్పి ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాయించాల. ఓపీ చీటీ, టీకా కార్డు, ఊండ్ సర్టిఫికెట్ (గాయం గురించి డాక్టరు ఇచ్చే పత్రం), చిరిగిన ప్యాంటు, గేటు ఫోటో దాచిపెట్టుకోవాల. ఏజెన్సీకి కూడా రాసివ్వాల. డ్యూటీలో తగిలిన దెబ్బకు 3 రోజులకు మించి పని చేయలేకపోతే, పనిలో పెట్టుకున్న యజమాని బాధ్యత వేరే ఉంటుంది.

గేటు సంగతి: బండ బుక్ చేసింది ఆ ఇంటివాళ్ళే. పిలిపించుకున్న మనిషి దొంగ కాదు. పిలవకపోవడం తప్పనుకున్నా సివిల్ కోర్టులో పరిహారం కొంత తగ్గుతుందేమో, పూర్తిగా పోదు.

బురుజుపక్క: మీకు కుక్కలు సాకేవాళ్ళంటే పడదు, అంతే. చట్టం చదివి చెప్తే సరిపోదు సామీ, ఊరి చివర ప్లాట్లలో రాత్రిళ్ళు ఉండి చూడండి.

ఏడురోడ్లు: రాత్రి కాపలా వద్దని నేను యాడ అన్నాను? పగలు కట్టమంటున్నా. కుక్కను కట్టేసే గూటం నుంచి గేటు గొళ్ళెం దాకా టేపు పట్టండి. గొలుసూ కుక్క నిలువూ కలిపినా గొళ్ళానికి మూడడుగుల ఇవతలే ఆగాల. గొలుసు కంటే ముందు తెగేది కాలరు దగ్గరి కొక్కెం, తుప్పు పట్టి నోరు తెరుచుకుంటుంది. నెలకోసారి వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. బండ బుక్ చేసిన రోజు, మీటరు రీడింగు తీసే రోజు కుక్క పెరట్లో ఉండాల. ఇంత చేసినోడి మీద నిర్లక్ష్యం కేసు నిలవడం కష్టం.

బురుజుపక్క: అది చేస్తారు లెండి. అసలు భయం వేరే. ఇంకో 5,000 ఇస్తే తప్పు ఒప్పుకున్నట్టు. ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌కు పోతారు, వీధంతా కలిసి కుక్కను తీసేయమంటారు. ఎనిమిదేళ్ళు సాకిన ప్రాణి. సంతకం అడిగింది డబ్బు మిగుల్చుకోవడానికి కాదు.

పెన్నగాలి: ఆ మాట మొదటే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదన్నా. కుక్క టీకా పుస్తకంలో ఈ ఏడాది రేబీస్ సూది తేదీ ఉందా? ఉంటే ఆ పేజీ ఫోటో కుర్రాడికి పంపించండి. టీకాలు ఆపకూడదు గానీ, వాళ్ళింట్లో వాళ్ళకు రాత్రి నిద్ర పడుతుంది.

ఏడురోడ్లు: భయం అర్థమైంది. దానికి తెల్లకాగితం పనికిరాదు, రేపు ఎవరైనా కాదనొచ్చు. కేసు పెట్టకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చి లోక్ అదాలత్‌లో కూర్చోండి. ఫోన్ 15100. ఆసుపత్రి ఛార్జీలు, పోయిన కూలి, నొప్పికి ఇంత అని విడివిడిగా రాయించండి. పగలు గొలుసు, 10 రోజుల కాపు, కుక్కను ఇంట్లోనే ఉంచడం, ఇవన్నీ షరతులుగా పెట్టుకోవచ్చు. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కుర్రాడి డబ్బుకూ, మీరు చెప్పే ప్రాణికీ రెండింటికీ అదే రక్ష. కానీ 2,000కు ఒప్పుకోమని మాత్రం నేను చెప్పను.

బురుజుపక్క: గేటు పిలిచి తీయాలనే మాట కూడా అందులో రాయించాల. దాన్ని నేను వదలను.

సప్తగిరి సర్కిల్: సంతకం పెట్టొద్దని చెప్పినా. ఇమ్యునోగ్లోబులిన్ వేయలేదంట, టీకా ఒక్కటే వేసి పంపించినారు. ఇవాళ ఐదో రోజు. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి తోలుకపోతున్నారు.