స్టార్ గాయపడి వెళ్లిపోతే మ్యాచ్ ఎక్కడ తిరగబడుతుంది?

కోర్ట్‌సైడ్:
2025 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ప్లేఆఫ్స్‌లో ఒక సంగతి అర్థం కాలేదు. మినెసోటాతో మొదటి మ్యాచ్ రెండో క్వార్టర్లోనే వారియర్స్ స్టార్ కర్రీకి తొడ వెనక కండరం పట్టేసింది. అయినా వారియర్స్ 99-88తో గెలిచారు, ఆ తర్వాత వరసగా నాలుగూ ఓడారు. న్యూయార్క్‌తో నాలుగో మ్యాచ్‌లో సెల్టిక్స్ స్టార్ టేటమ్‌కి అకిలీస్ (మడమ వెనక స్నాయువు) తెగింది. ఐదోది సెల్టిక్స్ 127-102తో గెలిచి, ఆరోది 119-81తో చిత్తుగా ఓడారు. లోటు వెంటనే కాకుండా ఆలస్యంగా ఎందుకు తెలుస్తోంది? ఆటలో అసలు మారేదేంటి?

స్క్రీన్‌సెట్టర్:
స్టార్ చేసే పాయింట్లు ఒక పూటకి ఎవరో ఒకరు చేసేస్తారు. అతని మీదకి వచ్చే రెండో డిఫెండర్‌ని మాత్రం ఎవరూ తేలేరు.

కర్రీ చేతిలో బంతి ఉండి, త్రీ పాయింట్ లైనుకి బాగా బయట స్క్రీన్ (తోటి ఆటగాడు డిఫెండర్‌కి అడ్డంగా నిలబడటం) పడిందనుకోండి. ఎదుటి జట్టు సెంటర్ (బుట్ట దగ్గర కాసే పొడుగాటివాడు) అక్కడిదాకా రాక తప్పదు. స్క్రీన్ పెట్టినవాడికి పాస్ వెళ్తే చాలు, వెనక నలుగురి మీద ముగ్గురే మిగులుతారు. కార్నర్లో ఒకడు ఖాళీ. అదే స్క్రీన్ బ్యాకప్ గార్డుకి పెట్టి చూడండి: అతన్ని కాసేవాడు స్క్రీన్ కిందుగా దూరిపోతాడు, సెంటర్ బుట్ట దగ్గరే నిలబడతాడు, కార్నర్ షూటర్లని ఎవరూ వదలరు. షాట్ క్లాక్‌లో (షాట్ వేయడానికున్న గడువులో) ఇంకా 14 సెకన్లుండగా దొరికే ఓపెన్ షాట్ 4 సెకన్లున్నప్పుడు, అదీ చెయ్యి మొహం మీద ఉండగా దొరుకుతుంది. లేదా గుంపులోకి పాస్ వేసి బంతి పోగొట్టుకుంటారు, అవతల ఫాస్ట్ బ్రేక్ (మనవాళ్లు సర్దుకునేలోపే ఎదురుదాడి).

2025 ఫైనల్స్ ఏడో మ్యాచ్ మళ్లీ చూడండి. ఇండియానా స్టార్ హాలిబర్టన్ తొలి క్వార్టర్లోనే అకిలీస్ తెగి 9 పాయింట్లతో వెళ్లిపోయాడు. సగం ఆటకి ఇండియానాయే 48-47 ముందు! మూడో క్వార్టర్ 34-20తో ఓక్లహోమా లాగేసుకుంది.

తొమ్మిదోవాడు:
ఆలస్యం సంగతికొస్తే, ఎదుటి కోచ్ ప్లానంతా స్టార్ చుట్టూ అల్లుకుని ఉంటుంది. 75 సెకన్ల టైమౌట్‌లో దాన్ని విప్పి కొత్తది కట్టలేడు. తర్వాతి మ్యాచ్‌కి మాత్రం వీడియో చూసుకుని వస్తాడు.

రెండోది కాళ్లు. మ్యాచ్‌కి 48 నిమిషాలు, ఐదుగురు, మొత్తం 240 నిమిషాలు. స్టార్ ఆడే 40 ఎవరికో పంచాలి. స్టార్టర్లకి పంచితే నాలుగో క్వార్టర్లో షాట్లు రిమ్ ముందే తగిలి పడతాయి. బెంచ్‌కి ఇస్తే, వాళ్లలో డిఫెన్స్ రానివాణ్ణి పట్టుకుని ప్రతి స్క్రీన్‌లోకీ ఈడుస్తారు.

సొంతంగా షాట్ సృష్టించుకునే రెండోవాడు ఉంటే కథ వేరు. 2021లో అట్లాంటాతో నాలుగో మ్యాచ్‌లో మిల్వాకీ స్టార్ యానిస్ మోకాలు వెనక్కి వంగింది. మిల్వాకీ ఆ మ్యాచ్ ఓడి కూడా, అతను లేకుండానే తర్వాతి రెండూ గెలిచింది. ఐదోదాంట్లో లోపెజ్ 33 కొట్టాడు నిజమే, కానీ అతనికి బంతి అందించడానికి మిడిల్టన్, హాలిడే ఇద్దరున్నారు.

కోర్ట్‌సైడ్:
మరి కుంటుతూనైనా స్టార్ ఆడితే మేలేనా?

స్క్రీన్‌సెట్టర్:
అందరూ 1970 ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో గాయంతోనే ఆడిన న్యూయార్క్ సెంటర్ విల్లిస్ రీడ్‌ని చూపిస్తారు. రీడ్ చేసినవి 4 పాయింట్లు. ఆ రోజు అతని జట్టులోని ఫ్రేజియర్ 36 పాయింట్లు, 19 అసిస్టులు చేశాడన్నది ఎవరికీ గుర్తుండదు. ఇప్పటి ఆటలో పక్కలకి కదలలేనివాణ్ణి రెండు మూడు పొజెషన్లలోనే కనిపెట్టేసి, స్క్రీన్లు పెట్టి మరీ స్విచ్ చేయిస్తారు (బంతి ఉన్నవాణ్ణి అతనే కాయాల్సి వచ్చేలా). డ్రైవ్‌ని అడ్డుకోలేకపోతే అతను ఎటాక్‌లో తెచ్చింది డిఫెన్స్‌లో పోయినట్టే. షాట్‌కి ఎగరకపోయినా, చేతిలో బంతి ఉండి బుట్టవైపు చూడకపోయినా వెంటనే కూర్చోబెట్టాలి.

పిక్క పట్టేసినవాడి విషయంలో నేనైతే ఇంకా భయపడతాను. 2019 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌కి వారియర్స్ ఆటగాడు డురాంట్ పిక్క గాయం నుంచే తిరిగొచ్చి, 12 నిమిషాల్లో 11 పాయింట్లు చేసి, అదే కాలికి అకిలీస్ తెంచుకున్నాడు. హాలిబర్టన్‌దీ అదే వరస. రెండు కేసులతో కారణం తేల్చలేం గానీ, రిస్క్ తీసుకునేది ఆటగాడి కాలితో.

తొమ్మిదోవాడు:
చాలామందికి తెలియని రూలొకటి. మామూలు ఫౌల్‌లో గాయపడ్డవాడు తన ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి బదులుగా దొరికే, ఎవరూ అడ్డుపడని షాట్లు) తను వేయలేకపోతే మళ్లీ ఆ మ్యాచ్‌లోకి రాకూడదు. పైగా బదులు ఎవరు వేయాలో ఎదుటి కోచ్ ఎంచుతాడు, ఎవర్ని ఎంచుతాడో చెప్పక్కర్లేదు. 2019 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో వారియర్స్ ఆటగాడు క్లే థాంప్సన్ టనెల్ (లాకర్ రూమ్‌కి వెళ్లే దారి) దాకా వెళ్లి వెనక్కొచ్చి రెండూ వేసింది అందుకే. తర్వాత స్కాన్‌లో ఏసీఎల్ (మోకాలి లిగమెంట్) తెగిందని తేలింది.