మూసే బుస్సీ: ఇంటిపేరా, ఊరిపేరా?

బొబ్బిలి యుద్ధం కథల్లో ‘మూసే బుస్సీ’ అని వస్తుంది కదా, ఇందులో అసలు పేరేది, ఇంటిపేరేది? మొన్న మ్యాపులో పారిస్ పక్కన బుస్సీ సాన్ జోర్జ్ అనే ఊరు కనిపించింది. ఈయన పేరే పెట్టారా?

—

మూసే పేరు కాదండీ. ఫ్రెంచివాళ్ల ‘మొస్యూ’, అంటే మన ‘గారు’ లాంటిది, జనం నోట్లో నలిగి మూసే అయింది. హైదరాబాదులో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని మొస్యూ రేమోన్ కూడా ఇలాగే మూసా రామ్ అయిపోయాడు. మూసారాంబాగ్ ఆయన పేరు మీదిదే.

ఇక బుస్సీ. మీరు అనుకున్నదానికి తిరగేసి చూడాలి. ఫ్రాన్సులో బుస్సీలు చాలా ఉన్నాయి, అందుకే పక్కన ఏదో తోక తగిలిస్తారు. ఊరిపేరే మనుషులకు ఎక్కింది. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి వచ్చిన ఫ్రెంచి సేనాని పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పతిస్యే ద బుస్సీ. పతిస్యే అంటే కేకులూ తీపి రొట్టెలూ చేసేవాడు! మన లెక్కన ‘మిఠాయివారు’ అనుకోండి. చరిత్రలో ఆ మిఠాయి ముక్క రాలిపోయి బుస్సీ ఒక్కటే మిగిలింది. అలా మిగలకపోతే మన కథల్లో ‘మూసే పతిస్యే’ అని పాడుకోవాల్సి వచ్చేది.

బుస్సీ ముందున్న ‘ద’ అంటే ‘ఫలానా ఊరి’ అని. అది చేసే పనే మన ఇంటిపేర్లలో చివరి ‘ఇ’ చేస్తుంది. ఊరు వేటూరు, ఇంటిపేరు వేటూరి. ఏలూరు, ఏలూరి. వ్యాకరణంలో ఔపవిభక్తికం అని చదువుకున్నదే. వాళ్లు ముందు పెడతారు, మనం వెనక పెడతాం, అంతే తేడా.

—

అయితే బుస్సీలందరూ చుట్టాలేనా మాస్టారూ?

—

కాదు. ఫ్రాన్సులోని బర్గండీలో రోజే ద రబ్యుతాన్ అనే రచయిత ఉండేవాడు (1618–1693), బుస్సీ కౌంటు. ఆస్థానంలోని వాళ్ల ప్రేమ వ్యవహారాలన్నీ రాసిపెట్టి ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ కోపానికి గురై, సొంత కోటలో కూర్చోవలసి వచ్చింది. ఆ కోటను ఇప్పుడు బుస్సీ-రబ్యుతాన్ అంటారు, ఊరూ మనిషీ కలిసి. ఈయన రబ్యుతాన్, మనవాడు పతిస్యే. మనలో ఇంటిపేరు ఒకటే అయినా గోత్రాలు వేరైనవాళ్లు లేరూ, అలాగన్నమాట.

—

చిన్న చేర్పు. మన బుస్సీ 1785లో పుదుచ్చేరిలోనే పోయాడు. అక్కడ బుస్సీ వీధి ఉంది, ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి వీధి అంటున్నారు. బుస్సీ పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం కూడా ఉండేది. అక్కడ ఎమ్మెల్యేగా చేసిన ఆనంద్ గారిని తమిళనాట ఇప్పటికీ ‘బుస్సీ ఆనంద్’ అనే పిలుస్తున్నారు. ఊరు మనిషికెక్కింది, మనిషి వీధికి, నియోజకవర్గం మళ్లీ మనిషికి. ఈసారి ‘ద’ కూడా అక్కర్లేకపోయింది!