గోళీ పడితే ఇసుకలో గుంత: లెక్క ఎందుకు తప్పుతోంది?
నమస్కారమండీ, మాది చెన్నై వేళచ్చేరి. పాప తొమ్మిదో తరగతి ప్రాజెక్టు కోసం బెసంట్ నగర్ బీచ్ ఇసుక తెచ్చి, ఉప్పు పోయేదాకా కడిగి, మేడమీద ఎండబెట్టి, బకెట్‌లో పోసి బేరింగ్ గుండు వదుల్తున్నాం. (మా అత్తగారికి మాత్రం ఇది ఇల్లంతా ఇసుక చేసే ప్రాజెక్టు.)

గుండు శక్తి 16 రెట్లు పెరిగినా గుంత వెడల్పు సుమారు 2 రెట్లే అవుతుందని చదివాం. ఎత్తు 16 రెట్లయితే పడేటప్పుడు శక్తీ 16 రెట్లే కాబట్టి, 10 సెం.మీ., 160 సెం.మీ. ఎత్తుల నుంచి వదిలితే మొదట దాదాపు అలాగే వచ్చింది. తర్వాత ప్రతిసారీ గుంత చిన్నదవుతోంది. ఇసుక అణిగి గట్టిపడుతోందేమో. మళ్లీ ఒకేలా గుల్ల చెయ్యాలంటే జల్లెడతో పోస్తే చాలా, అడుగు నుంచి గాలి ఊదాలా? బకెట్ గోడలు ఎంత దూరంలో ఉండాలి? సోమవారమే చూపించాలట!