కొత్త కాయిన్ ప్రీసేల్‌లో డబ్బు పెట్టమంటున్నారు – ఏం చూసుకోవాలి?

జెర్సీ సిటీ నుంచి, కొత్తగా వచ్చినవాడు:

అన్నయ్యలకు, అక్కలకు నమస్కారం. మాది గుంటూరు, కొరిటెపాడు. హెచ్1బీ మీద ఇక్కడికొచ్చి నాలుగు నెలలైంది. అద్దె, ఇంటికి పంపేది పోగా చేతిలో ఒక 5 వేల డాలర్లు మిగిలాయి.

మా రూమ్మేట్ స్నేహితుడొకాయన, విజయవాడ వాళ్లే, పోయిన ఆదివారం ఎడిసన్‌లో ఒక మీటింగ్‌కి తీసుకెళ్లాడు. కొత్త క్రిప్టో కాయిన్, ఇంకా ప్రీసేల్‌లో ఉంది, అంటే మార్కెట్లోకి రాకముందే అమ్ముతున్నారు. ఇప్పుడు 2 సెంట్లు, సంక్రాంతికల్లా డాలరు అవుతుందట. కొని లాక్ చేసి పెడితే నెలకు 12 శాతం వస్తుంది. ఇంకొకరిని చేర్పిస్తే వాళ్లు పెట్టినదాంట్లో 10 శాతం మనకి. ఆడిట్ అయిందని వెబ్‌సైట్‌లో పచ్చ టిక్కు కూడా ఉంది.

నేను పట్టించుకునేవాణ్ని కాదు. కానీ ఇదే కాయిన్‌కి బందరు రోడ్డులో ఒక హోటల్లో మీటింగ్ పెడితే మా బాబాయ్ వెళ్లొచ్చాడు. రోజూ ఫోన్ చేసి "ఒరేయ్, నువ్వు డాలర్లలో పెడితే మనకింకా కలిసొస్తుంది" అంటున్నాడు. ఈ ఆదివారం రాత్రితో ప్రీసేల్ అయిపోతుందట. కాయిన్ గురించి వాళ్లు రాసుకున్న వైట్ పేపర్ 40 పేజీలుంది, చదివాను, సగం అర్థం కాలేదు. ఏం చూడాలో చెప్పండి. దయచేసి తిట్టొద్దు.

ఫ్రిస్కో, తెనాలి మనిషి:

నెలకు 12 శాతం అనకు బాబూ, మన లెక్కలో చెప్పు. నూటికి 12 రూపాయల వడ్డీ! మన ఊళ్లో నూటికి రెండు రూపాయలంటేనే రెండుసార్లు ఆలోచించి ఇస్తాం. వచ్చినదాన్ని మళ్లీ అందులోనే పెడితే నీ 5 వేలు ఏడాదికి 19 వేలు దాటాలి. అంత సంపాదించే కిటుకు తెలిసినవాడు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు గానీ ఎడిసన్‌లో సమోసాలు పెట్టి నిన్ను పిలవడు.

టెర్రా అనే క్రిప్టో వాళ్లు ఇస్తామన్నది ఏడాదికి 20 శాతం దగ్గర. ఏడాదికి! 2022 మేలో కొద్ది రోజుల్లోనే అది కూలి సుమారు 40 బిలియన్ డాలర్ల విలువ ఆవిరైంది.

షార్లెట్ నుంచి, గుంటూరు పాతకాపు:

తమ్ముడూ, తిట్టను. ఆ ఆదివారం మీటింగులు నేనూ చూశాను. 2017 డిసెంబరులో బిట్‌కాయిన్ 20 వేల డాలర్ల దగ్గరికి పోయినప్పుడు ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర వేరే మాటే ఉండేది కాదు. నేనూ ఒక కొత్త టోకెన్‌లో 3 వేలు పెట్టాను. పేరు అనవసరం. ఆరు వారాల్లో స్క్రీన్ మీద 11 వేలైంది. మా ఆవిడకు చూపించి మురిసిపోయాను. సరే, సగం అమ్ముదామని కూర్చుంటే కొనేవాడు లేడు. ఆ చిన్న ఎక్స్‌ఛేంజ్‌లో కొంటామని నిలబడ్డ ఆర్డర్లన్నీ కలిపినా 400 డాలర్లు లేవు. నేను 200 డాలర్ల సరుకు వదిలేసరికి ధర సగానికి పడింది. స్క్రీన్ మీద కనిపించిన 11 వేలు ఎక్కడా లేవు, ఎప్పుడూ లేవు.

అందుకని "ఎంత పెరుగుతుంది" అనే ప్రశ్న పక్కన పెట్టు. "నేను అమ్మే రోజున కొనేదెవరు, ఏ డబ్బుతో" అని అడుగు. మిగతా పరీక్షలన్నీ దీని కోసమే.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి విప్పగానే పైన నిగనిగలాడే ఎర్రకాయ ఉంటుంది. ఆయన దాన్ని చూసేవాడే కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి మధ్యలోంచి గుప్పెడు తీసేవాడు. ఒక కాయ వంచితే ఫట్‌మని విరగాలి. వంగిందంటే తేమ ఉన్నట్టే. తర్వాత అరచేతిలో పరిచి తాలుకాయ ఎంతుందో చూసేవాడు. ఇంటికొచ్చాక ఆ చేతి మంటకు మజ్జిగ గిన్నె ముందేసుకుని కూర్చునేవాడు పాపం. వెబ్‌సైటు, వైట్ పేపరు, పచ్చ టిక్కు ఇవన్నీ మూతి దగ్గర కాయలు. చెయ్యి దూర్చాల్సింది కాంట్రాక్ట్ అడ్రస్‌లోకి, అంటే ఆ కాయిన్‌ని నడిపే కోడ్ ఉండే చోటులోకి.

ఆ అడ్రస్ అడిగి తీసుకో. కాయిన్ ఈథీరియమ్ నెట్‌వర్క్ మీద ఉంటే ఈథర్‌స్కాన్ సైటులో, బీఎన్‌బీ చెయిన్ మీద ఉంటే బీఎస్‌సీస్కాన్‌లో, సొలానా అయితే సోల్‌స్కాన్‌లో వెయ్యి. పైసా ఖర్చు లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. "హోల్డర్స్" అన్నచోట నొక్కితే ఏ వ్యాలెట్‌లో (కాయిన్లు దాచుకునే ఖాతాలో) ఎంత శాతం ఉందో వరసగా వస్తుంది. ఒకటో రెండో వ్యాలెట్ల దగ్గరే 60, 70 శాతం ఉంటే, అవి గడువు దాకా తీయలేని లాక్ కాంట్రాక్టులా, మనుషుల సొంతవా చూడు. సొంతవైతే వాళ్లు అమ్మిన పూటే నీ ధర అయిపోయినట్టు. ఒకే మనిషి వంద వ్యాలెట్లు పెట్టుకోవచ్చు కాబట్టి అక్కడ జాబితా బాగున్నా పూర్తిగా నమ్మకు. జాబితా బాగా లేకపోతే మాత్రం ఇక రెండో మాట అక్కర్లేదు.

అక్కడే కాంట్రాక్ట్ కోడ్ అందరికీ కనబడేలా వెరిఫై చేశారా అన్నది కూడా తెలుస్తుంది. చేయకపోతే అక్కడితో ఆగు. చేసి ఉంటే, కోడ్ చదవడం వచ్చిన స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని మూడు సంగతులు చూడమను. తయారుచేసినవాడు తనకిష్టమైనప్పుడు కొత్త కాయిన్లు ముద్రించుకోగలడా? అమ్మకాలు ఆపేయగలడా? ఫలానా వ్యాలెట్ అమ్మకూడదని పెట్టగలడా? 2021 అక్టోబరు చివర్లో స్క్విడ్ గేమ్ అనే సిరీస్ పేరు వాడుకుని ఒక టోకెన్ వచ్చింది. 2,800 డాలర్లు దాటింది, టీవీల్లో కూడా చెప్పారు. కొన్నవాళ్లు అమ్ముదామంటే అమ్మనివ్వలేదు. అలాంటిదాని ధర పెరగక ఏం చేస్తుంది? కొనడమే ఉంది, అమ్మడం లేదు. తయారుచేసినవాళ్లు ఊడ్చుకుపోయాక నిమిషాల్లో దాదాపు సున్నా అయింది.

ఇప్పుడు నీ 2 సెంట్ల లెక్క. మొత్తం ఎన్ని కాయిన్లో నువ్వు రాయలేదు. మాటవరసకు పది బిలియన్లు, అంటే వెయ్యి కోట్లు, అనుకుందాం, వైట్ పేపర్‌లో నువ్వే చూసుకో. 2 సెంట్లంటే మొత్తం విలువ 20 కోట్ల డాలర్లు. ఇంకా ఏమీ కట్టని, ఏమీ అమ్మని కంపెనీకి! డాలరు కావాలంటే వెయ్యి కోట్ల డాలర్ల కంపెనీ అవ్వాలి. ఆ డబ్బు ఎవరు తేవాలి? పైగా ఇలాంటివాటిలో మొదట బయటికి వదిలేది 5 శాతమో, 10 శాతమో. మిగతాది టీముకి, ముందు పెట్టినవాళ్లకి, "మార్కెటింగ్"కి అని లాక్‌లో ఉంటుంది. 5 శాతమే బయట ఉంటే ఇంకా 19 రెట్ల సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉందన్నమాట. తలుపులు ఎప్పుడు తెరుస్తారో వైట్ పేపర్‌లో తారీఖులతో ఉండాలి. స్టోరేజీల సరుకంతా ఒకేసారి యార్డుకొస్తే ధర ఏమవుతుందో గుంటూరువాడికి నేను చెప్పాలా?

ఆడిట్ గురించి ఒక్క మాట. ఆ ఆడిట్ సంస్థ సొంత వెబ్‌సైటుకి వెళ్లి రిపోర్టు అక్కడుందో లేదో, అందులో ఉన్న కాంట్రాక్ట్ అడ్రస్ నీకిచ్చినదేనా అని చూడు. కోడ్‌లో కంత లేదని ఆడిటర్ చెప్తాడు. కోడ్ రాసినవాడు దొంగ కాదని చెప్పడు.

వైట్ పేపర్ 40 పేజీలని భయపడకు. బిట్‌కాయిన్ది 2008లో వచ్చింది, తొమ్మిది పేజీలు. మధ్యలోంచి రెండు వాక్యాలు తీసి గూగుల్‌లో కొటేషన్ మార్కుల మధ్య పెట్టి వెతుకు, ఇంకో కాయిన్ పేపర్లో అవే దొరికినా దొరుకుతాయి. టీము ఫొటోల మీద ఇమేజ్ సెర్చ్ చెయ్యి. ఆ తర్వాత వాళ్ల టెలిగ్రామ్ గ్రూపులో మర్యాదగానే అడుగు: "లిక్విడిటీ ఎంత కాలం లాక్ చేశారు, ఆ లాక్ లింకు ఇస్తారా?" లిక్విడిటీ అంటే అమ్మేవాళ్లకి చెల్లించడానికి పక్కన పెట్టిన డబ్బు. జవాబు కంటే జవాబిచ్చే తీరు చూడు.

ఒక జాగ్రత్త. చూద్దామని కూడా నీ అసలు వ్యాలెట్‌ని ఆ సైటుకి కనెక్ట్ చేయకు. ఒక్క అప్రూవల్ నొక్కితే ఉన్నవి ఊడ్చుకుపోయే సైట్లున్నాయి. వ్యాలెట్ తెరిచే ఆ 12 పదాలో, 24 పదాలో ఎవరు అడిగినా, బాబాయ్ అడిగినా చెప్పకు.

అట్లాంటా అక్క, సత్యనారాయణపురం:

ఆ 10 శాతం కమీషన్ దగ్గర ఎవరూ ఆగలేదేంటి? డబ్బు పోతే పోయింది, వీసా మీదున్న పిల్లాడికి ముందు చెప్పాల్సింది అది. షేరో, కాయినో కొని పెట్టుకోవడం పెట్టుబడి. మనుషుల్ని చేర్పించి కమీషన్ తీసుకోవడం పని. హెచ్1బీ మీద నీ కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. పైగా నీ మాట నమ్మి చేరినవాళ్ల డబ్బు మునిగితే వాళ్ల ఫిర్యాదులో నీ పేరూ ఉంటుంది. బిట్‌కనెక్ట్ అనే ఇలాంటి క్రిప్టో పథకం 2018 జనవరిలో మూతపడింది. 2021లో ఎస్ఈసీ (ఇక్కడ పెట్టుబడుల మార్కెట్‌ని చూసే ప్రభుత్వ సంస్థ) దాన్ని నడిపినవాళ్ల మీదే కాదు, ప్రచారం చేసినవాళ్ల మీద కూడా కేసులు పెట్టింది.

ఇంకోటి. అమెరికాలో 1946 నుంచీ హోవీ కేసు అని ఒక తీర్పుంది. ఫ్లోరిడాలో నారింజ తోటల ముక్కలు అమ్మి, "సాగు మేమే చేస్తాం, లాభం మీకిస్తాం" అన్నారు. అది తోట అమ్మకం కాదు, పెట్టుబడి పథకం అని సుప్రీంకోర్టు తేల్చింది. నీ కాయిన్ మాటలూ అవే: డబ్బు నువ్వు పెట్టు, కష్టం మేం పడతాం, లాభం నీకు. అలాంటిది అమ్మాలంటే ఎస్ఈసీ దగ్గర రిజిస్టర్ చేయాలి, లేదా ఏదో ఒక మినహాయింపు కింద అమ్మాలి. ఎడ్గార్ అనే ఎస్ఈసీ సైటులో ఆ కంపెనీ పేరు కొట్టి చూడు. "ఫామ్ డి" వేశాం అని చూపిస్తే అది అనుమతి కాదని గుర్తుంచుకో. మినహాయింపు కింద అమ్ముతున్నామని వాళ్లు ఇచ్చుకున్న సమాచారం, అంతే. బహిరంగంగా ప్రచారం చేసి ఆ దారిలో అమ్మితే కొనేవాళ్లు అక్రెడిటెడ్ అయి ఉండాలి. అంటే ఒంటరివాడికి గత రెండేళ్లూ 2 లక్షల డాలర్ల పైన ఆదాయమో, ఇల్లు కాకుండా మిలియన్ ఆస్తో ఉండాలి. నిన్న వచ్చిన నీకు అమ్ముతున్నారంటేనే కథ తెలుస్తోంది.

టాక్స్ సంగతి. లాక్ మీద వచ్చే కాయిన్లు నీ చేతికొచ్చిన రోజు ధర ప్రకారం ఆదాయమేనని 2023లో ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ తేల్చింది. తర్వాత అవి సున్నా అయినా ఆ రోజు లెక్క మారదు. బాబాయ్‌కి అక్కడ లాభం మీద 30 శాతం, అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్. నష్టమొస్తే ఇంకో ఆదాయంలోంచి తగ్గించుకోవడానికి లేదు.

"మనవాళ్లే చెప్పారు" అన్నది ఈ వ్యాపారానికి పెట్టుబడి. అగ్రిగోల్డ్ గుర్తుందిగా, విజయవాడలోనే ఆఫీసు. లక్షల మంది డిపాజిటర్లలో చాలామంది తెలిసిన ఏజెంటు ముఖం చూసి కట్టినవాళ్లే.

జెర్సీ సిటీ నుంచి, కొత్తగా వచ్చినవాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. టెలిగ్రామ్‌లో అన్న చెప్పిన ప్రశ్నే అడిగాను. "నెగెటివ్ మైండ్‌సెట్ వద్దు బ్రో" అని రెండు నిమిషాల్లో మ్యూట్ చేశారు. రూమ్మేట్ స్నేహితుడి దగ్గర అడ్రస్ తీసుకుని బీఎస్‌సీస్కాన్‌లో వేశాను. ఒకే వ్యాలెట్‌లో 71 శాతం. కోడ్ వెరిఫై చేయలేదు. నేను పెట్టట్లేదు.

కానీ అసలు టెన్షన్ ఇప్పుడొచ్చింది. ఇదంతా బాబాయ్‌కి చెప్తే, కాసేపు మాట్లాడలేదు. అప్పటికే 2 లక్షలు క్యాష్ ఇచ్చేశాడట. పిన్నికి కూడా తెలియదు.

షార్లెట్ నుంచి, గుంటూరు పాతకాపు:

ముందు యాప్‌లో కనిపించేదంతా స్క్రీన్‌షాట్లు తీయించు. డబ్బు ఎవరి చేతికిచ్చాడు, ఏ తారీఖున, పక్కన ఎవరున్నారు, కాగితం మీద రాయించు. వాట్సాప్ మెసేజులు ఒక్కటీ చెరపొద్దను. ఆ తర్వాత మొత్తం అసలు వెనక్కి అడగమను. వెయ్యో రెండు వేలో తీసి చూస్తే లాభం లేదు, మొదట్లో చిన్న మొత్తాలు ఇస్తారు, అది ఎర. "తీసుకోవాలంటే ముందు టాక్స్ కట్టాలి" అంటే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

ఇవ్వకపోతే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు పెట్టమను, క్యాష్ ఇచ్చాడు కాబట్టి స్టేషన్‌లో కూడా కాగితం ఇమ్మను. కొన్నాళ్లకు "మీ డబ్బు రికవరీ చేయిస్తాం" అని ఇంకొకడు ఫోన్ చేస్తాడు. వాడు కూడా ఆ బాపతే. బాబాయ్ మీద అరవకు. అరిస్తే రెండోసారి కట్టినప్పుడు నీకు కూడా చెప్పడు.

జెర్సీ సిటీ నుంచి, కొత్తగా వచ్చినవాడు:

చివరి అప్‌డేట్ అన్నా. యాప్‌లో అడిగితే "90 రోజుల లాక్" అంది. 90 రోజులన్న మాట మీటింగ్‌లో ఎవరూ చెప్పలేదట. పిన్నికి చెప్పక తప్పలేదు. ఇద్దరూ కలిసి పొద్దున్నే విజయవాడ బస్సెక్కి ఆ లీడర్ ఇంటికే వెళ్లారు. పిన్ని వాళ్ల వరండాలో కూర్చుని, వచ్చేపోయే ఇరుగుపొరుగు అందరికీ కథ మొదటినుంచీ చెప్పిందట. మధ్యాహ్నానికి ఆయన లక్ష తెచ్చిచ్చాడు. మిగతా లక్షకు ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. వడ్డీ నూటికి రెండు రూపాయలు.