పెట్టుబడిలో బడి ఉందా?

తర్జుమా టీచరు:
డిగ్రీ ఆర్థికశాస్త్రం పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. జాతీయాదాయం అధ్యాయం క్లాసులో చదివి వినిపిస్తే వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, పెట్టుబడిలో బడి ఉంది కదా, మరి బడికి పెట్టేది పెట్టుబడి ఎందుకు కాదు?" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ జవాబు నోటికి రాలేదు. పుస్తకం ప్రకారం బడి భవనం కడితే పెట్టుబడి. అందులో పాఠం చెప్పే పంతులు జీతం వినియోగం. పొద్దున తిన్న ఇడ్లీ లాగా, అయిపోయిందన్నమాట. ముందు ఆ మాట సంగతి చెప్పండి. అది ఏ బడి?

నిఘంటువు పురుగు:
పలక పట్టుకుని వెళ్లే బడి కాదమ్మా. 'పడు' నుంచి వచ్చిన 'పడి'. రాబడి, దిగుబడి, ఏలుబడి, పలుకుబడి అన్నీ ఆ వరసే. నాకైతే ముందున్న 'పెట్టు' ఇంకా ముచ్చటగా ఉంటుంది. పొలానికి పెట్టాం, పెళ్లికి పెట్టాం, పిల్లాడి చదువుకి పెట్టాం. మన నోట్లో ఖర్చుకీ పెట్టుబడికీ మధ్య గోడ లేదు. గోడ కట్టింది మీ పుస్తకం.

జగిత్యాల రైతుబిడ్డ:
మా దిక్కు పెట్టుబడి అంటే విత్తనాలు, యూరియా, ట్రాక్టర్ కిరాయి. పంట పోతే "పెట్టుబడి కూడా ఎల్లలే" అంటరు. 2018ల రైతుబంధు వచ్చినప్పుడు సర్కారు కాయిదాలల్ల కూడా 'పంట పెట్టుబడి సాయం' అనే రాసిన్రు. అప్పుడు పంటకు ఎకరానికి 4,000.

లెక్కల పెద్దాయన:
గణాంకాల శాఖలో రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. పై తమ్ముడు చెప్పిన యూరియా మా లెక్కలో పెట్టుబడి కాదు. ఆ ఏటి పంటలోనే కరిగిపోతుంది కనుక దాన్ని మధ్యంతర వినియోగం అంటాం. అసలు తమాషా ఏమిటంటే, కంపెనీలు చేసే పరిశోధననీ చాలాకాలం ఈ యూరియా బస్తాల పక్కనే పడేశాం. పదేళ్లు కష్టపడి ఒక మందు కనిపెట్టారనుకోండి. ఆ పదేళ్ల ఖర్చు ఏ ఏటిది ఆ ఏట కాలిపోయినట్టే. ఆ మందు చేసే యంత్రం మాత్రం పెట్టుబడి! ఐక్యరాజ్యసమితి జాతీయ లెక్కల పద్ధతిని 1993లో సవరించినప్పుడు సాఫ్ట్‌వేర్‌ని ఆస్తిగా ఒప్పుకున్నారు గానీ పరిశోధనను బయటే నిలబెట్టారు. లోపలికి రానిచ్చింది 2008 సవరణలో. అమెరికా 2013 జులైలో ఆ మార్పు చేస్తే 2012 జీడీపీ సుమారు 3.6 శాతం పెద్దదైంది. అందులో ఎక్కువ పాలు పరిశోధనదే. రాత్రికి రాత్రి అక్కడ ఒక్క ఫ్యాక్టరీ కూడా లేవలేదు, పద్దు మారింది అంతే. మన దేశంలో 2015 జనవరిలో వచ్చిన కొత్త జీడీపీ లెక్కల వరసలో పరిశోధన ఖర్చు 'మేధాసంపద ఉత్పత్తులు' కిందికి ఎక్కింది.

పంతులు జీతం మాత్రం ఇప్పటికీ వినియోగమే. జీడీపీలో లేదని కాదు, ఉంది. కానీ పిల్లల బుర్రలో మిగిలిందాన్ని ఆస్తి అనడానికి పట్టికలో గడి లేదు.

పోచంపల్లి కోడలు:
గడి లేనివి మా ఇంట్లో చాలా ఉన్నాయి సార్. ఆసు పోయడం చూశారా, చీర నేసే ముందు దారం సిద్ధం చేసే పని? అర్ధచంద్రాకారంలో మేకులుంటాయి, వాటి చుట్టూ దారం తిప్పుతూ ఒక్క చీరకి 9,000 సార్ల దాకా చెయ్యి ఆడించాలి. ఆ పని ఆడవాళ్లదే. విడిగా కూలి ఉండదు, చీర ధరలోనే కలిసిపోతుంది. వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం చేశారు (తరబడి! ఇదీ మీ వరసేనా?). 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం అమ్మితే లెక్కలోకి వస్తుంది, సరే. పాడైన నమూనాలు, చేసిన అప్పులు ఏ పద్దులో రాస్తారు? నొప్పి తగ్గిందని ఎక్కడ రాస్తారు?

లెక్కల పెద్దాయన:
ఎక్కడా రాయం తల్లీ.

నిఘంటువు పురుగు:
తరబడీ పడి చుట్టమే అనుకుంటున్నాను. ఈ ఆసు కథ వింటే ఏనుగు లక్ష్మణకవి భర్తృహరికి చేసిన తెలుగు గుర్తొచ్చింది: "హర్తకుఁ గాదు గోచరము". విద్య అనే ధనం దొంగ కంటికి కనపడదట. దొంగకే కాదు, లెక్కల గుమస్తాకీ కనపడదని ఇప్పుడు తెలిసింది. ఆ పద్యంలోనే "పూర్తిగ నిచ్చినన్ బెరుఁగు" అని కూడా ఉంది. ఎంత ఇచ్చినా తరగదు సరికదా పెరుగుతుందని.

లెక్కల పెద్దాయన:
ఆర్థికవేత్త పాల్ రోమర్ 1990 వ్యాసానికి కీలకం అదే. నా బియ్యం మీరు వండుకుంటే నాకు ఉండవు, నా కిటుకు మీరు వాడుకున్నా నాకు ఉంటుంది. దాన్ని వృద్ధి సిద్ధాంతంలోకి లాక్కొచ్చినందుకు 2018లో నోబెల్ ఇచ్చారు. అలాగని కనపడనిదాన్ని పద్దులోకి ఎక్కించగానే అంతా బాగుపడదు. 2015లో ఐర్లండ్ జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగిందని ప్రకటించారు. బహుళజాతి కంపెనీలు మేధాసంపద హక్కుల్ని కాగితాల మీద అక్కడికి మార్చుకోవడం పెద్ద కారణం. డబ్లిన్‌లో జనం జీతాలు మాత్రం పావువంతు పెరగలేదు. చివరికి వాళ్లు ఆ వాపు తీసేసి చూసుకోడానికి వేరే కొలత పెట్టుకున్నారు.

తర్జుమా టీచరు:
ఇంకో చిక్కు. ఇలా చేతికి తగలని ఆస్తులకి (ఇంగ్లీషులో ఇంటాంజిబుల్ ఎసెట్స్) నా ముందున్న పాత తర్జుమాలో 'అస్పృశ్య ఆస్తులు' అని ఉంది. చదివి ఒళ్లు జలదరించింది. ఆ మాట మన దగ్గర ఎవరి మీద పడిందో తెలిసి కూడా ఎలా రాశారో! పద్యం చూశాక 'అగోచర ఆస్తులు' అందామా?

జగిత్యాల రైతుబిడ్డ:
అగోచరం అంటే మా అవ్వకు సమజ్ కాదు మేడమ్. 'కంటికి ఆనని ఆస్తి' అనున్రి.

నిఘంటువు పురుగు:
శభాష్. 'ఆనదు' అంటే కనపడదు, చాలదు కూడా. పైగా "నేను నీ కంటికి ఆనట్లేదా?" అంటే లెక్కచెయ్యట్లేదా అని దెప్పడం.

తర్జుమా టీచరు:
ఆ అర్థాలన్నీ నాకు కావాల్సినవే. సోమవారం ప్రూఫులు ఇవ్వాలి, అదే పెట్టేస్తున్నా. ఎడిటరు గారు కొట్టేస్తే మళ్లీ ఇక్కడికే వస్తాను. ఆ వెనక బెంచీ అమ్మాయికి మాత్రం అది నీ బడి కాదని ఎలా చెప్పాలో ఇంకా తెలియట్లేదు.