44 ఏళ్లకే గర్భసంచి తీయించుకోమంటున్నారు

తెనాలి కోడలు:
నాకు 44. ఏడాదిగా నెలసరికి పద్ధతంటూ లేదు. ఒకసారి రెండు నెలలు కనపడదు, వచ్చిందంటే పది రోజులు వదలదు. రాత్రిళ్లు ఫ్యాన్ కింద కూడా ఒకటే చెమటలు. మా అమ్మాయి పోయినేడు పెద్దమనిషి అయింది, దానిదీ ఇదే వరస. దానికైతే "మెల్లగా కుదురుకుంటుందిలే" అంటారు. నాకు మాత్రం "ఇంకా ఆ సంచి ఎందుకు, తీయించెయ్" అంటారు మా అత్తగారూ తోడికోడలూ. వాళ్లిద్దరూ ఎప్పుడో తీయించుకున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

నల్గొండ నర్సు:
తొందరపడకండి. మీకూ అమ్మాయికీ కారణం దాదాపు ఒకటే. అండం విడుదలయ్యాకే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ బాగా తయారవుతుంది. నెలసరి మొదలైన కొత్తలోనూ, ఆగిపోయే ముందూ చాలా నెలలు అండం విడుదల కాదు. అప్పుడు ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ ఒక్కటే గర్భసంచి లోపొరను పెంచుతూ పోతుంది. ఆ మందపాటి పొర ఊడినప్పుడు బ్లీడింగ్ ఎక్కువ. చెమటలు ఈస్ట్రోజెన్ ఎగుడుదిగుళ్ల వల్ల.

అలాగని వదిలెయ్యొద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కానింగ్ చేయించండి. లోపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంటే వద్దనకండి. క్యాన్సర్ లాంటివి లేవని తేలితే బ్లీడింగ్ తగ్గించే మాత్రలున్నాయి, ప్రొజెస్టెరాన్ మాత్రలున్నాయి, లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఆపరేషన్ ఆఖరి మాట.

చీరాల అక్క:
నాకు 36కే తీశారు. అండాశయాలు కూడా తీసేశారని డిశ్చార్జి కాగితం చదివి మా చెల్లి చెబితేనే తెలిసింది. కొద్ది రోజులకే ఒంట్లో ఆవిర్లు మొదలు. ఇప్పుడేమో ఎముకలు పలచబడ్డాయంటున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు, ఈ ఆపరేషన్లలో దేశం మొత్తమ్మీద ముందున్నది మన ఆంధ్ర, తర్వాత తెలంగాణ. ఇంత మందికి నిజంగా అవసరమైందా అని నా అనుమానం. తప్పదంటే చేయించుకో తల్లీ, కానీ అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని ముందే అడుగు. సంతకం పెట్టే కాగితంలో ఏం రాశారో చదివించుకో.

తెనాలి కోడలు:
సోమవారం స్కానింగ్‌కి వెళ్తున్నానక్కా. అడగడానికి సిగ్గుగా ఉంది గానీ, నెలలు తప్పుతున్నాయి కాబట్టి ఇంక గర్భం భయం లేనట్టేనా?

నల్గొండ నర్సు:
సిగ్గెందుకు! ఉంది. వరసగా 12 నెలలు రాకపోతేనే ఆగినట్టు లెక్క, అప్పటిదాకా జాగ్రత్త తప్పదు. అలా ఏడాది ఆగాక మళ్లీ చుక్క కనిపించినా సరే, ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించుకోండి.